నంది హిల్స్ వైనరీలో టేస్టింగ్‌కి ఏమీ తెలియకుండా వెళ్లొచ్చా?

నెల్లూరు నుంచి భార్యాభర్తలు వెళ్దామనుకుంటున్నారు, వైన్ గురించి ఓనమాలు తెలియవు, అక్కడ నవ్వులపాలవుతామేమో అని కదా మీ భయం. నిక్షేపంగా వెళ్లండి. మా కావలి బ్యాచ్ మొత్తం అలా వెళ్లినవాళ్లమే.

మేం చూసింది కర్ణాటకలో దొడ్డబళ్లాపురం దగ్గరి గ్రోవర్ జంపా అనే వైనరీ (వైన్ తయారుచేసే చోటు). తిరుపతి, మదనపల్లె, చింతామణి మీదుగా కార్లో పోయాం. ముందు తోట, స్టీలు ట్యాంకులు, తర్వాత ఓక్ చెక్క పీపాలున్న చల్లటి గది చూపిస్తారు. టేస్టింగ్ తొందరలో ఈ భాగం వదిలెయ్యకండి. నల్ల ద్రాక్షలో కూడా చాలా రకాలకి రసం తెల్లగానే ఉంటుంది. తొక్కలతో కలిపి పులియబెడితే రంగూ వగరూ దిగి రెడ్ వైన్ అవుతుంది, తొక్కలు తీసేసి ఉత్త రసం పులియబెడితే వైట్. ఇది బుర్రకెక్కితే మిగతాదంతా తేలికే.

గ్లాసు అడుగున రెండు గుక్కలే పోస్తారు. "ఇంతేనా?" అన్నాడు మా బావ. నాలుగైదు రకాలయ్యేసరికి ఆయనే చాలన్నాడు. గ్లాసు కాడ పట్టుకుని తిప్పి, ముక్కు లోపలికి పెట్టి వాసన చూడండి, సగం రుచి అక్కడే తెలుస్తుంది. తర్వాత మింగినా, పక్కనున్న బకెట్లో ఉమ్మినా ఎవరూ ఏమనుకోరు. బండి నడిపేవాళ్లు మాత్రం అసలు ముట్టొద్దు. వైట్ అయ్యాక రెడ్ ఇస్తారు. షిరాజ్ అనే రెడ్ నోట్లో పడగానే పచ్చి వక్క నమిలినట్టు చిగుళ్లు పట్టేస్తాయి. అది టానిన్, అంటే తొక్కల్లోంచి దిగే ఆ వగరే, సరుకు పాడైందని గొడవకి దిగకండి (మావాడొకడు దిగబోయాడు). "ఏం వాసనొస్తోంది?" అని గైడ్ అడిగితే తెలియని పళ్ల పేర్లు వెతుక్కోనక్కర్లేదు. నాకు నేరేడుపండు తగిలింది, అదే చెప్పాను, తల ఊపాడు.

ఆ పూట సెంటు వద్దు, మీ ఆవిడకి మల్లెపూలూ వద్దు, వైన్ వాసన తెలియదు. పొద్దున్నే మన కారం దోసె కూడా వద్దు, దాని మీద రెడ్ తాగితే మంట ఇంకా ఎక్కుతుంది.

చేపల పులుసుతో ఏది బాగుంటుందని కూడా అడిగారు. రెడ్ జోలికి పోకండి, చేపతో కలిస్తే చాలాసార్లు నోరు ఇనుము రుచి వచ్చేస్తుంది. కాస్త తీపున్న షెనిన్ బ్లాంక్ అనే వైట్ అయితే మామిడికాయ పులుపుకి బాగా కుదురుతుంది. కాకపోతే ఎక్సైజ్ రూల్స్ కనుక్కోకుండా సీసాలు డిక్కీలో వేసుకుని మన బోర్డర్ దాటొద్దు. కొనకపోయినా అక్కడ ఎవరూ మొహం మాడ్చుకోరు.