సూపర్‌మ్యాన్‌లను పోల్చబోతున్న మా అబ్బికి

అబ్బీ,

నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేశాడు. "వాడు సూపర్‌మ్యాన్ సినిమాలన్నీ పోలుస్తూ పెద్ద వీడియో చేస్తాడంట, రాత్రులు నిద్ర కూడా పోవడం లేదంట, నువ్వన్నా చెప్పన్నా" అని ఒకటే గోల. వాడికి సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాక నాకూ నిద్ర పట్టలేదు. ఒకే పాత్రను నలుగురు నాలుగు రకాలుగా ఎట్లా వేశారో కూర్చుని చూసి రాయాలనే కోరిక మన ఇంట్లో నా తర్వాత నీకు పుట్టింది, అందుకు ఒళ్లు పొంగింది. భయం కూడా వేసింది. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే "సరే పెదనాయనా, సరే పెదనాయనా" అని పెట్టేస్తావు.

ముందు చిన్నవి చెప్పేస్తా. ఉద్యోగం మానొద్దు, శని ఆదివారాలు చాలు. తెలుగు డబ్బింగ్‌లో కాకుండా అసలు గొంతులతో చూడు, గొంతు మారితే నటుడు సగం మారిపోతాడు. 2025లో వచ్చిన సినిమాకు మన సెన్సారు వాళ్లు ముద్దు సీను కత్తిరించారు, కాబట్టి హాల్లో చూసింది మాత్రమే పట్టుకుని హీరోయిన్ లోయిస్‌తో ప్రేమ పండలేదని తీర్పు చెప్పొద్దు. విమర్శ కోసం సినిమాలోంచి కొంత వాడుకోవడానికి మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వీలిస్తుంది, అయినా యూట్యూబ్‌లో ముందు పట్టుకునేది మెషీన్లే, అందుకని ముక్కలు చిన్నవి పెట్టు, మ్యూజిక్ వదిలెయ్. వీడియో మొదట్లోనే సూపర్‌మ్యాన్‌ను పుట్టించిన జెర్రీ సీగల్, జో షుస్టర్ పేర్లు చెప్పు. క్లీవ్‌లాండ్‌లో ఇద్దరు కుర్రాళ్లు, నీ కంటే చిన్నవాళ్లు. 1938లో 130 డాలర్లకు ఆ పాత్ర హక్కులు రాసిచ్చేశారు. కంపెనీ వాళ్లకు పింఛను ఇచ్చి, పేర్లు మళ్లీ వేసేసరికి 1975 అయింది. ఆ సంగతి చెప్పకుండా సూపర్‌మ్యాన్ గురించి మాట్లాడితే నేను ఒప్పుకోను.

ఇక అసలు సంగతికి వస్తా.

నేను పద్యనాటకాల పోటీలకు జడ్జీగా తిరిగిన సంగతి నీకు తెలుసు కదా. నంద్యాల, ఆదోని, ప్రొద్దుటూరు, ఎక్కడ పిలిస్తే అక్కడికి. కర్నూలులో కాలేజీలో ఇంగ్లీషు పాఠం చెప్పి, సాయంత్రం బస్సెక్కి, రాత్రంతా ముందు వరుసలో కూర్చుని, తెల్లారి మళ్లీ క్లాసుకు. ఒకే రాత్రి నలుగురు హరిశ్చంద్రులు. అదే పద్యం, అదే కాటి సీను, మనిషి మాత్రం వేరు. నువ్వు ఇప్పుడు మొదలుపెట్టింది కూడా అదే పని, అందుకే ఇంత చనువుగా చెప్తున్నా.

మాతో పాటు జడ్జీగా ఒక పెద్దాయన వచ్చేవారు. గొప్ప పాండిత్యం, ఛందస్సు మొత్తం నోటికి వచ్చు. ఆయన చిన్నప్పుడు ఎవరో మహానటుడి హరిశ్చంద్ర చూశారట. ఆ రాగాలు, ఆ వన్స్ మోర్లు ఆయన లోపల అట్లే నిలిచిపోయాయి. ఎవరు స్టేజీ ఎక్కినా ఆయనకు ముందు గుర్తొచ్చేది ఆ మనిషే.

ఒక ఏడాది బేతంచెర్ల వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. పగలు నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పని. గోళ్ల సందుల్లో ఇరుక్కున్న రాతిపొడి మేకప్ వేసినా పోలేదు, ముందు వరుసలో కూర్చున్న నాకు కనపడుతూనే ఉంది. చంద్రమతి బిడ్డ శవాన్ని తెచ్చి కింద పెట్టాక వాడు రాగం తీయలేదు. హార్మోనిస్టు శ్రుతి పట్టుకుని వాడి ముఖం వైపు చూస్తూనే ఉన్నాడు. వాడు మాత్రం పద్యాన్ని దాదాపు మాటల్లాగా, కాటి సుంకం అడగడానికి నోరు రాని మనిషి గొంతుతో చెప్పుకుంటూ పోయాడు. ఒక్క ఈల లేదు. నా వెనక వరుసలో ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

తెల్లారి ఫలితాలు చెప్పేటప్పుడు మైకు ఆ పెద్దాయన చేతిలో ఉంది. "ఈ అబ్బాయికి హరిశ్చంద్రుడంటే ఎవరో తెలియదు, కాటికాపరి మాత్రమే తెలుసు" అన్నారు. జనం నవ్వారు. రాత్రి ఏడ్చిన జనమే. ఆ సీనులో హరిశ్చంద్రుడు కాటికాపరే కదా అబ్బీ! వాడు చేసిన గొప్ప పనినే తప్పుగా చదివి, అందరి ముందూ మైకులో చెప్పారు. వాడు మేకప్ సరిగ్గా తుడుచుకోకుండానే బస్టాండుకు పోయాడు. నేను వెంట పోయి టీ తాగించి, "నేను మంచి మార్కులే వేశాను నాయనా, బాగా చేశావు" అన్నాను. తల ఊపాడు, అంతే. మరుసటి ఏడాది ఆ నాటక సమాజం వేరే మనిషితో వచ్చింది. అడిగితే "వాడు మానేశాడు సార్" అన్నారు. ఎంతమంది కృష్ణులు, ఎంతమంది హరిశ్చంద్రులు నా కళ్ల ముందు పోయారో, వాడి ముఖం మాత్రం పోలేదు. తాడిపత్రిలో పుట్టిన రంగస్థల నటుడు బళ్లారి రాఘవ గారు ఎప్పుడో చెప్పారు, నాటకంలో పాట కంటే నటన ముఖ్యమని. ఆయన పుట్టిన గడ్డ మీదే మేం ఆ కుర్రాణ్ణి రాగం తీయలేదని పంపించేశాం.

ఆ పెద్దాయన చెడ్డవారు కాదు. ఎదురుగా ఉన్న మనిషిని చూడకుండా, జ్ఞాపకంలో ఉన్న మనిషిని చూస్తూ మార్కులు వేశారు. నువ్వు అట్లా చేస్తావేమోనని నా భయం. 1978లో సూపర్‌మ్యాన్‌గా వేసిన క్రిస్టఫర్ రీవ్ అంటే నీకు ప్రాణమని నాకు తెలుసు, ఆ సినిమా నీకు చూపించిందే నేను. 1978 సినిమాలో లోయిస్ ఇంట్లో సీను ఉంది చూడు, ఆమె పక్క గదిలోకి పోగానే క్లార్క్, అంటే మామూలు మనిషి వేషంలో ఉన్న సూపర్‌మ్యాన్, కళ్లద్దాలు తీసి, భుజాలు విప్పి నిలబడతాడు. ఎత్తు పెరిగినట్టు ఉంటుంది, గొంతు దిగుతుంది, నిజం చెప్పేయబోతాడు. అంతలోనే ధైర్యం చాలక మళ్లీ భుజాలు ముడుచుకుని, అద్దాలు పెట్టుకుని పాత క్లార్క్ అయిపోతాడు. గ్రాఫిక్స్ లేవు, వట్టి వెన్నెముకతో చేశాడు. అంత చూశాక మిగతావాళ్లు ఆనడం కష్టమే. అయినా ఆనించుకోవాలి, అదే నీ పని.

2006లో బ్రాండన్ రౌత్ సంగతి చూడు. ఆ సినిమా రీవ్ సినిమాల కొనసాగింపుగానే తీశారు, అతను ఆ నడక, ఆ నవ్వు అన్నీ శ్రద్ధగా పట్టుకున్నాడు. అనుకరించాడన్నారు. 2013లో హెన్రీ కావిల్ ఏదీ అనుకరించలేదు, నవ్వడం లేదన్నారు. ఇద్దరినీ ఒకే జ్ఞాపకంతో కొట్టారు. నీ వీడియోలో "రీవ్ లాగా లేడు" అనే మాట ఒక్కసారి కూడా రాకూడదు. ఎట్లా ఉన్నాడో చెప్పు, ఎందుకు అట్లా వేశాడో చెప్పు.

వాస్తవాలు కూడా జ్ఞాపకం మీద రాయొద్దు. కావిల్ సినిమా అనగానే అందరూ విలన్ జోడ్ మెడ విరిచిన సీను గురించి మాట్లాడతారు, రీవ్ సూపర్‌మ్యాన్ అయితే ఎవరినీ చంపేవాడు కాదంటారు. 1980లో వచ్చిన రెండో భాగం మళ్లీ పెట్టి చూడు. శక్తులు పోయిన జోడ్ చేతిని నలిపి, ఎత్తి, అగాధంలోకి విసిరేస్తాడు. హాల్లో అందరం చప్పట్లు కొట్టాం. 2013లో జోడ్ కంటి మంట ఒక కుటుంబం వైపు జరుగుతూ ఉంటే, కావిల్ ఆపమని బతిమాలి, వినకపోయేసరికి మెడ విరిచి, ఆ తర్వాత మోకాళ్ల మీద పడి గొంతు చించుకుని అరుస్తాడు. చావు ఎక్కడ బరువుగా ఉందో నువ్వే చెప్పు. కావిల్ సినిమాలో ఊరంతా కూలిపోయింది కదా అన్నది న్యాయమైన మాటే, నాకూ ఆ భాగం భరించడం కష్టమైంది. కానీ 2016 సినిమా మొదట్లోనే అదే విధ్వంసాన్ని కింద రోడ్డు మీద నిలబడ్డ బ్రూస్ వేన్, అంటే బ్యాట్‌మ్యాన్, కళ్లతో చూపిస్తుంది, అది కూడా రాయి. ఇంకోటి, 2017 జస్టిస్ లీగ్‌లో కావిల్ ముఖం వింతగా ఉంటే అది నటన తప్పు కాదు. వేరే సినిమా కోసం పెంచిన మీసాన్ని కంప్యూటర్లో చెరిపారు. డైరెక్టరు లెక్క డైరెక్టరుకు, నటుడి లెక్క నటుడికి రాయి.

పోల్చడానికి ఒకే సీను పట్టుకోమంటాను, పోటీల్లో మేం చేసినట్టు. ఎగరడం తీసుకోవచ్చు. మన కడప జిల్లా సురభి వాళ్లు తాళ్ల మీద నారదుణ్ణి దింపుతుంటే నోరు తెరుచుకుని చూసినవాణ్ణి కాబట్టి నాకు ఎగరడం ఇష్టమే. కానీ నేనైతే తండ్రిని తీసుకుంటా.

1978లో పెంచిన తండ్రి జోనథన్ కెంట్ పొలంలో కొడుకుతో, నువ్వు ఏదో కారణం ఉండే ఈ భూమ్మీదికి వచ్చావురా అని చెప్పి, నాలుగడుగులు వేసి, గుండె పట్టుకుని కూలిపోతాడు. ఇన్ని శక్తులుండీ కాపాడుకోలేకపోయానని పిల్లాడు ఏడుస్తాడు. 2013లో తండ్రి సుడిగాలిలో చిక్కుకున్నప్పుడు కొడుకు కాపాడగలడు. తండ్రే చెయ్యెత్తి వద్దంటాడు, లోకం నిన్ను చూసి భయపడుతుందని. పిల్లాడు ఆగిపోతాడు. ఆ చెయ్యి నాకు నచ్చలేదు, ఏ తండ్రీ బిడ్డకు అంత బరువు పెట్టకూడదని నా అభిప్రాయం. అయినా ఆ తర్వాత కావిల్ ముఖంలో నవ్వు ఎందుకు అంత కష్టంగా వస్తుందో ఆ సీనులోనే ఉంది. 2025లో డేవిడ్ కోరెన్‌స్వెట్ సినిమాలో తండ్రి బతికే ఉంటాడు. వేరే గ్రహం నుంచి కన్నవాళ్లు పంపిన సందేశంలో రెండో సగం లోకాన్ని ఏలమని తెలిసి పిల్లాడు కుంగిపోతే, ఈ ముసలాయన పక్కన కూర్చుని, నువ్వు ఎలా ఉండాలో చెప్పడం మా పని కాదు, నువ్వు చేసే పనులే నువ్వు అన్నట్టు మాట్లాడతాడు. సినిమా మొదట్లో దెబ్బలు తగిలి పడుకుంటే అతనికి కన్నవాళ్ల సందేశం వేస్తారు. చివర్లో అదే చోట, పెంచినవాళ్లు ఇంట్లో తీసుకున్న పాత వీడియోలు వేస్తారు. నేను రెండుసార్లూ ఏడ్చాను. నీ వీడియో అంతా ఈ మూడు సీన్ల మీద నడిపినా సరిపోతుంది.

ఇంకో మాట, 1980లో మన ఎన్టీఆర్ గారు వేసిన సూపర్‌మ్యాన్ ఉంది. ఆంజనేయస్వామి ఇచ్చిన శక్తులతో ఎగురుతాడు. దాన్ని నవ్వులాటకు వాడితే నాతో మాట్లాడొద్దు. వాళ్ల వేరే గ్రహం మన ఊళ్లో ఎవరికీ అక్కర్లేదు, ఆకాశంలో ఎగిరేవాడు మనకు ముందే ఉన్నాడు అని గుర్తించి తీశారు. నీ పోలికలో దానికి గౌరవంగా ఒక చోటు ఇవ్వు, ఇవ్వలేకపోతే పూర్తిగా వదిలెయ్.

ఇక ఫ్యాన్స్. కటౌట్ల దగ్గర తలలు పగలడం నేను చూశాను, అందుకే మీ నాయన కంటే నాకే ఎక్కువ టెన్షన్. కావిల్ సినిమా తీసిన స్నైడర్ అభిమానులు, 2025 సినిమా తీసిన గన్ అభిమానులు రోజూ ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. నువ్వు ఏం చెప్పినా ఒక వర్గం మీద పడుతుంది. మొదటి వారం కామెంట్లు చదవొద్దు. నీ తల్లిని తిట్టేవాడికి జవాబివ్వొద్దు, నువ్వు చెప్పిన సంవత్సరం తప్పని చూపించినవాడికి మాత్రం తప్పకుండా థ్యాంక్స్ చెప్పి సరిచెయ్. ఎవడో ఏదో అన్నాడని మానేస్తే మాత్రం నేను బెంగళూరు వచ్చి నీ రూములో కూర్చుంటా. ఆ బేతంచెర్ల కుర్రాడి వెనక బస్టాండు దాకా పోయాను, నీ కోసం అంత దూరం రాలేనా?

మీ నాయన సంగతి నేను చూసుకుంటా. వాడికి కోపం సినిమా మీద కాదు, నువ్వు ఫోన్లో నాలుగు మాటలు మాట్లాడకపోవడం మీద. ఈసారి ఇంటికి వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చి, ఆ మూడు తండ్రుల సీన్లు వాడికి చూపించు. ఇంగ్లీషు రాదని వదిలెయ్యొద్దు, ఏం జరుగుతోందో పక్కన కూర్చుని చెప్పు. ఎవరు సరైన తండ్రి అని అడిగి వాడు చెప్పేది రికార్డు చెయ్, ఒప్పుకుంటే వీడియోలో పెట్టు. వాడు రెండోవాణ్ణి ఎంచుకుంటాడని నా అనుమానం, నాకు నచ్చకపోయినా.

స్క్రిప్టు రికార్డు చేయకముందే నాకు పంపు, పెద్ద అక్షరాల్లో. అన్నం వేళకు తిను.

మీ పెదనాయన
కర్నూలు