పాత క్యాంపర్ వ్యాన్‌లో చలి, చెమ్మ: వెంట్లు మూసేయొచ్చా?

మీది 20 ఏళ్ల నాటి వ్యాన్, చలికి తట్టుకోలేక వెంట్లలో, అంటే గాలి ఆడే రంధ్రాల్లో, గుడ్డలు కుక్కి పడుకుంటున్నారు, అయినా తెల్లారేసరికి అద్దాల మీద నీళ్లు కారుతున్నాయి, పడుకునే ముందు కాసేపు గ్యాస్ స్టవ్ వెలిగించుకోవచ్చా అని అడిగారు. వద్దండీ. ఆ గుడ్డలు కూడా ఈ రోజే తీసేయండి. మొదటి చలికాలం నేను చేసిందీ ఇదే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

సందులన్నిటికీ టేపు వేసి, రోజూ అరగంట స్టవ్ వెలిగించేవాళ్లం. నెల తర్వాత పరుపు ఎత్తి చూస్తే అడుగున అరచేయంత నల్లటి బూజు. కింది ప్లైవుడ్‌ని నొక్కితే వేలు దిగబడింది. పైకప్పు కారుతోందనుకుని సీలెంట్ పూశాను, ఏమీ తగ్గలేదు. కిలో గ్యాస్ మండితే ఒకటిన్నర కిలోకు పైగా నీరు ఆవిరై లోపలే తిరుగుతుంది. ఇద్దరు నిద్రపోతే ఊపిరి, చెమటల నుంచే రాత్రికి అర లీటరు పైన వస్తుంది. దానికి బయటికి దారి లేకపోతే చల్లటి రేకు తగిలిన చోటల్లా నీరై కూర్చుంటుంది.

అంతకంటే భయపడాల్సింది కార్బన్ మోనాక్సైడ్‌కి. మంటకి గాలి చాలనప్పుడు పుట్టే విషవాయువు ఇది, రంగూ వాసనా ఉండవు. రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. స్టవ్ మానేసి సెకండ్ హ్యాండ్ డీజిల్ హీటర్ పెట్టించాక ఒక రాత్రి మా ఆవిడ "తల పగిలిపోతోంది, లేవండి" అని నన్ను కుదిపి లేపింది. నాకూ తల దిమ్ముగా, కడుపులో తిప్పినట్టు ఉంది. హీటర్ ఆపి, తలుపు తీసి బయటపడి, తెలిసినవాళ్లని పిలిచి ఆసుపత్రికి వెళ్లాం. మర్నాడు వ్యాన్ కింద పడుకుని టార్చి వేసి చూశాను. పొగ పైపు క్లాంపు వదులైంది. దాని పైన నేలరేకుకి కాటుక పూసినట్టు మసి. పక్కనే పైపు దూరే రంధ్రం చుట్టూ రబ్బరు పగిలిపోయి ఉంది. పొగ అక్కడి నుంచే లోపలికి వచ్చింది. ఆమెకి మెలకువ రాకపోయి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ వణికిస్తుంది.

కాబట్టి ముందు కొనాల్సింది అలారం. కార్బన్ మోనాక్సైడ్‌ది మంచం దగ్గర, తల ఎత్తులో పెట్టండి. గ్యాస్ లీకుకి వేరేది నేలకి దగ్గరగా ఉండాలి, ఎల్పీజీ గాలి కంటే బరువు కదా. వెనక రాసి ఉన్న గడువు చూసుకోండి.

హీటర్‌కైతే నా ఓటు డీజిల్‌కే. మంటకి కావలసిన గాలిని బయటి నుంచి తీసుకుని పొగని బయటికే వదులుతుంది, లోపలికి పొడి వేడి గాలి మాత్రమే వస్తుంది. కానీ పొగ పైపు చివర వ్యాన్ అడుగునే ఆగకూడదు, పక్కకి బయటికి తేలాలి. ఎప్పుడూ సన్నగా నడిపితే మసి పడుతుంది, అప్పుడప్పుడు పావుగంట ఫుల్‌లో నడపండి. ఆపేటప్పుడు మెయిన్ స్విచ్ తీయకండి, ఫ్యాన్ చల్లబరచి దానంతటదే ఆగాలి. స్టార్ట్ అవ్వకపోతే ముందు బ్యాటరీ చూడండి. డీజిల్‌ని వెలిగించే గ్లో ప్లగ్ మొదట్లో పది ఆంపియర్ల దాకా లాగుతుంది, ముసలి బ్యాటరీ అక్కడే చతికిలపడుతుంది.

రాత్రంతా రూఫ్ వెంట్ రెండు వేళ్లంత తెరిచి ఉంచుతాం, కింద ఒక చోట గాలి వచ్చే దారి వదులుతాం. కాస్త వేడి పోతుంది, నిజమే. కానీ పరుపు పొడిగా ఉంటే అదే హీటర్ ఎంతో వెచ్చగా అనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త: లోపలి గాలితో మండే పాత గ్యాస్ హీటర్ ఉంటే, అది వెలుగుతుండగా రూఫ్ ఫ్యాన్ వేయకండి, పొగని వెనక్కి లాగేస్తుంది.

ఆ ప్లైవుడ్ తీసేసి సందులు వదిలి చెక్క పట్టీలు కొట్టించాను. రెండు చలికాలాలు గడిచాయి. మొన్న పరుపు ఎత్తితే అడుగున చేతికి చెమ్మ తగల్లేదు.