మోటార్ మార్చే ముందు అద్దం దారి చూడు

చి. రవికి,

ఆశీస్సులు. డ్రైవర్ వైపు పవర్ విండోకు వేసిన రెండో మోటార్ కూడా మాటిమాటికీ ఆగిపోతోందని, మూడోది కొనాలా అని అడిగావు. ఇప్పుడే కొనకు. ఒకే డోర్‌లో రెండు మోటార్లు ఇలా అయ్యాయంటే తప్పు మోటార్‌ది కాకపోవడానికే అవకాశం ఎక్కువ. దాన్ని అరగదీస్తున్నది ఏదో ఆ డోర్‌లోనే ఉంది. అది దొరికేదాకా కొత్తది వేసినా కొన్నాళ్లే.

పాత కార్లలో జరిగేది ఇది. అద్దం జారే రబ్బర్ ఛానెల్ ఎండిపోయి, దుమ్ము పేరుకుని బిగుస్తుంది. అద్దం భారంగా కదులుతుంది. ఈ మోటార్ ఎంత నెమ్మదిస్తే అంత ఎక్కువ కరెంట్ లాగుతుంది. ఆ కరెంటంతా స్విచ్ లోపలి చిన్న కాంటాక్టుల మీదుగా, డోర్ కీళ్ల దగ్గర వంగే వైర్ల మీదుగా రావాలి. కాంటాక్టులు మాడి నల్లబడతాయి, అక్కడే కొంత వోల్టేజ్ పోతుంది. వోల్టేజ్ తగ్గితే మోటార్ బలం తగ్గి అద్దం ఇంకా నెమ్మదిస్తుంది, వేడి ఇంకా పెరుగుతుంది. ఇలా ఒకటి ఇంకొకదాన్ని పాడుచేస్తూ పోతుంది. చివరికి అందరికీ కనిపించేది మాడిన మోటార్ ఒక్కటే, అందుకని దాన్నే మారుస్తారు.

డోర్ విప్పకుండానే సగం సంగతి తెలుస్తుంది. కారు లోపలి లైటు వేసి, విండో స్విచ్ నొక్కి లైటు వైపు చూడు. లైటు కాస్త మసకబారి అద్దం కదలకపోతే, కరెంట్ మోటార్‌దాకా వెళ్తోందని అర్థం. మోటారో, దానికి బిగించి ఉండి అద్దాన్ని ఎత్తి దించే రెగ్యులేటరో, అద్దమో ఇరుక్కుంది. లైటులో ఏ మార్పూ లేక, చప్పుడూ లేకపోతే దారిలో ఎక్కడో తెగింది: ఫ్యూజ్, స్విచ్, వైరు, లేదా మోటార్ లోపల తిరిగే భాగానికి కరెంట్ అందించే కార్బన్ బ్రష్‌లు. మోటార్ తిరుగుతున్న శబ్దం వస్తూ అద్దం కదలకపోతే అది కరెంట్ సమస్య కాదు. రెగ్యులేటర్ కేబుల్ తెగి ఉంటుంది, అద్దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పు విరిగి ఉంటుంది, లేదంటే గేర్ లోపలి రబ్బరు ముక్కలు పొడైపోయి ఉంటాయి.

ఇంకో మూడు గుర్తులు. స్విచ్ నొక్కి పట్టుకుని డోర్ ప్యాడ్ మీద, మోటార్ ఉండే చోట, పిడికిలితో తడితే కదిలిందా? బ్రష్‌లు అరిగాయి. డోర్‌ను కొంచెం కొంచెంగా తెరుస్తూ మూస్తూ స్విచ్ నొక్కితే ఒక కోణంలో మాత్రం పనిచేస్తోందా? కీళ్ల దగ్గర వైరు తెగింది. రెండు మూడుసార్లు ఎక్కించి దించాక ఆగిపోయి, కాసేపటికి దానంతట అదే బాగవుతోందా? చాలా మోటార్లలో, వేడెక్కితే కరెంట్ ఆపి చల్లారాక మళ్లీ ఇచ్చే రక్షణ ఉంటుంది. అది పనిచేస్తోందంటే మోటార్ మీద లోడ్ ఎక్కువైందని అదే చెబుతోంది. నీ ఉత్తరంలో రాసిన లక్షణం ఇదే, అందుకే నా అనుమానం ముందు ఛానెల్ మీద.

ఇంజన్ ఆన్‌లో పెట్టి అద్దం కింది నుంచి పైకి రావడానికి ఎన్ని సెకన్లు పడుతోందో చూడు. మామూలుగా మూడు నుంచి ఐదు. ఎనిమిది దాటితే ఏదో పట్టేస్తోంది. పక్క డోర్‌తో పోల్చి చూస్తే ఇంకా నమ్మకంగా ఉంటుంది, ఎందుకంటే కారును బట్టి ఈ లెక్క మారుతుంది.

ఇప్పుడు ఛానెల్ సంగతి. అద్దం పూర్తిగా దించి, ఫ్రేమ్‌కి రెండు వైపులా, పైన ఉన్న రబ్బర్ గాడిలోకి చూడు. లోపలి గోడల మీద మెత్తటి నూగు పూత ఉంటుంది. అది అరిగి నున్నటి నల్ల రబ్బర్ బయటపడితే, లేదా రబ్బర్ మూలల్లో చీలి లోపలికి ముడుచుకుంటే, శుభ్రం చేసి లాభం లేదు, ఛానెల్ మార్చాల్సిందే. నూగు బాగానే ఉంటే పలుచటి ప్లాస్టిక్ పట్టీకి తడిగుడ్డ చుట్టి, సబ్బు నీళ్లతో గాడి పొడవునా పైనుంచి కిందకి తుడువు. గుడ్డ నల్లగా వస్తూనే ఉంటుంది, తెల్లగా వచ్చేదాకా ఆపకు. పూర్తిగా ఆరాక సిలికాన్ స్ప్రేని దాని సన్న గొట్టంతో గాడిలోకి పలుచగా కొట్టి, అద్దాన్ని ఐదారుసార్లు ఎక్కించి దించు. అద్దానికి అంటిన మరక తుడిచెయ్.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఇంజన్ ఆయిల్, మామూలు గ్రీజు రబ్బర్ గాడిలో వెయ్యొద్దు. పెట్రోలియం నూనెలకు రబ్బర్ ఉబ్బి మెత్తబడుతుంది, దుమ్మూ అంటుకుంటుంది. మొదటి వారం బ్రహ్మాండంగా కదిలి, తర్వాత ముందుకంటే బిగుస్తుంది. రెండోది చాలామందికి తెలియదు: సిలికాన్ స్ప్రేని స్విచ్‌ల దగ్గర, రిలేల (చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ను కలిపి తెంచే స్విచ్‌ల) దగ్గర కొట్టకూడదు. కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ పుట్టినప్పుడు ఆ సిలికాన్ కాలి, కరెంట్‌ను అడ్డుకునే గాజులాంటి పొరగా మారుతుంది. మంచి స్విచ్ అలా పాడవుతుంది.

ఛానెల్ బాగుపడ్డాక కూడా నెమ్మదిగానే ఉంటే అప్పుడు డోర్ ప్యాడ్ విప్పు. బ్యాటరీ నెగటివ్ తీసి, డోర్‌లో ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ ఉన్న కారైతే కొన్ని నిమిషాలు ఆగి మొదలుపెట్టు. ఆ సెన్సర్ కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) ఊడదీసి ఉండగా ఇగ్నిషన్ ఆన్ చెయ్యొద్దు. హ్యాండిల్ వెనక, చేయి ఆనించే భాగం అడుగున, అద్దం మూల త్రికోణం వెనక స్క్రూలు దాగి ఉంటాయి. అవన్నీ తీశాకే ప్లాస్టిక్ పట్టీతో అంచు క్లిప్పులు ఒక్కొక్కటిగా విప్పి, ప్యాడ్‌ను పైకి ఎత్తు. లాగితే రాలేదంటే ఇంకో స్క్రూ మిగిలిందని అర్థం, బలం పెట్టకు. లోపలి ప్లాస్టిక్ షీటును చింపకుండా, దాని నల్ల జిగురును కోస్తూ మెల్లగా ఒలుచు. వాన నీళ్లు డోర్ లోపలికి వచ్చేవే, అవి అడుగు రంధ్రాల నుంచి పోవాలి. షీటు చిరిగితే ఆ నీళ్లు స్విచ్ మీదికి, కారు లోపలికి వస్తాయి. రంధ్రాలు మట్టితో మూసుకుపోతే మోటార్ నీళ్లలో నానుతుంది. ప్యాడ్ తీసినప్పుడే ఆ రంధ్రాల్లో సన్న పుల్ల పెట్టి తెరిపించు.

లోపల మొదటి పరీక్ష చేత్తోనే. అద్దాన్ని రెగ్యులేటర్‌కు పట్టి ఉంచే బోల్టులు తీసి, అద్దాన్ని రెండు చేతులతో పైకీ కిందకీ జరిపి చూడు. మొత్తం దూరం ఒకే తీరుగా జారాలి. ఒకచోట పట్టేస్తే ఆ ఎత్తులో ఛానెల్ వంకరగానో, వెనక గైడు బోల్టు తప్పుగా బిగించో ఉంది. చూశాక అద్దాన్ని పైకి నెట్టి, వెడల్పాటి టేపును ఫ్రేమ్ మీదుగా రెండు వైపులా అతికించి ఆపు. ఒక్క పట్టీ చాలదు, మూడు వెయ్యి.

ఇక కరెంట్ వైపు. మల్టీమీటర్ తీసుకో. టేపు తీసి అద్దాన్ని రెగ్యులేటర్‌కు మళ్లీ కలిపి, బ్యాటరీ కూడా కలిపి, మోటార్ కప్లర్ ఊడదీయకుండా దాని వెనక నుంచి మీటర్ సూదులు గుచ్చి, అద్దం పైకి వెళ్తుండగా కొలువు. కప్లర్ ఊడదీసి కొలిస్తే ప్రతిసారీ 12 వోల్టులు చూపించి మోసం చేస్తుంది, ఎందుకంటే కరెంట్ పారనప్పుడు మాడిన కాంటాక్టులోనూ వోల్టేజ్ పడదు. ఇంజన్ ఆపి, బ్యాటరీ 12.5 చుట్టూ ఉన్నప్పుడు, మోటార్ దగ్గర 11 పైన వస్తే పరవాలేదు. 10 దగ్గరికి పడితే దారిలో రెండు వోల్టులకు పైగా పోతున్నాయి. ఎక్కడ పోతున్నాయో అడుగడుగునా చూసుకుంటూ వెళ్లు: బ్యాటరీ ప్లస్ నుంచి స్విచ్‌లోకి వచ్చే వైరు వరకు, స్విచ్‌లోకి వచ్చే వైరు నుంచి బయటికి వెళ్లే వైరు వరకు, మోటార్ నుంచి ఎర్త్ (కారు బాడీ ద్వారా బ్యాటరీ నెగటివ్‌కు వెళ్లే దారి) వరకు. ఎర్త్ వైపు మరచిపోకు, సగం మంది ప్లస్ ఒక్కటే చూస్తారు.

చాలా పాత కార్లలో రెండు మోటార్ వైర్లూ స్విచ్ వదిలేసినప్పుడు ఎర్త్‌కే కలిసి ఉంటాయి. పైకి నొక్కితే ఒక వైరుకు ప్లస్, కిందకి నొక్కితే రెండోదానికి. పక్క సీటు విండో ఎర్త్ కూడా డ్రైవర్ స్విచ్ లోపలి నుంచే వెళ్తుంది. అందుకని పక్క విండో పనిచేయకపోతే పక్క స్విచ్ మార్చి లాభం ఉండకపోవచ్చు, డ్రైవర్ దగ్గరి స్విచ్‌లోనే తప్పు ఉండవచ్చు. విండో లాక్ బటన్ నొక్కి ఉందేమో కూడా చూడు.

స్విచ్ విప్పేటప్పుడు తెల్ల గుడ్డ పరిచి దాని మీద విప్పు. చిన్న స్ప్రింగులు, ఊగే రాగి ముక్కలు ఎగిరిపోతాయి. తీసే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకో. కాంటాక్టుల మీద నల్లగా ఉంటే 1000 నంబర్ ఎమెరీ పేపర్ సన్న ముక్కతో తేలిగ్గా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. పైన చాలా పలుచటి పూత ఉంటుంది, అది పోయేదాకా గీకితే కొన్ని నెలల్లో మళ్లీ మాడుతుంది. గుంట పడేంత కాలి ఉంటే, చుట్టూ ప్లాస్టిక్ కరిగి ఉంటే స్విచ్ మార్చు.

కీళ్ల దగ్గరి రబ్బర్ గొట్టంలోని వైర్లు ఎక్కువగా డ్రైవర్ డోర్‌లోనే తెగుతాయి, ఎక్కువసార్లు తెరిచేది అదే గనక. పై ప్లాస్టిక్ బాగానే కనిపిస్తుంది, లోపల రాగి పోగులు మాత్రం తెగి ఉంటాయి. ఒక్కో వైరును చిన్నగా లాగి చూడు. పోగులు తెగిన చోట వైరు రబ్బరు దారంలా సాగుతుంది. అక్కడే కోసి అతికించకు. సోల్డర్ చేసిన చోట వైరు గట్టిపడుతుంది, వంగే చోట గట్టిపడితే దాని పక్కనే మళ్లీ తెగుతుంది. సన్న పోగులు ఎక్కువగా ఉన్న మెత్తటి వైరు ముక్కను గొట్టం మధ్యగా అతుకు లేకుండా పోనిచ్చి, ఒక అతుకు డోర్ లోపల, ఇంకోటి కారు బాడీ లోపల వెయ్యి. పాత వైరు కంటే సన్నది వాడకు. మామూలుగా మోటార్ వైరు 1.5 నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్లు ఉంటుంది. అతుకులన్నీ ఒకే చోట రాకుండా ముందు వెనకగా పెట్టి, ప్రతిదాని మీదా ష్రింక్ స్లీవ్ వేడిచేసి బిగించు. ఇన్సులేషన్ టేపు వేసవి వేడికి జిగురు కారి ఊడుతుంది.

ఫ్యూజ్ మాటిమాటికీ పోతుంటే పెద్దది పెట్టకు. 20 ఆంపియర్ల చోట 30 పెడితే ఫ్యూజ్ బతుకుతుంది, వైరు కాలుతుంది.

రెగ్యులేటర్ విషయంలో ఒక్కటి తప్పక గుర్తుంచుకో. కత్తెర తరహా రెగ్యులేటర్‌లో అద్దం బరువు మోయడానికి బలమైన చుట్ట స్ప్రింగు ఉంటుంది. మోటార్ బోల్టులు తీయగానే పళ్ల పట్టీ ఒక్కసారిగా తిరిగి వేలు నలిపేస్తుంది. ముందే ఆ పట్టీని, దాని వెనక రేకును కలిపి బోల్టుతోనో, గట్టి క్లాంపుతోనో బంధించి, అప్పుడే మోటార్ ఊడదియ్యి. కేబుల్ తరహాలో ఈ ప్రమాదం లేదు, కానీ కేబుల్ పోగులు విచ్చుకుంటే గ్రీజు వేసి సరిపెట్టలేవు. మొత్తం మార్చు. పట్టాలు, రోలర్లకు తెల్ల లిథియం గ్రీజు పలుచగా రాయి, రబ్బర్‌కు తగలనియ్యకు. రేకు అంచులు కోస్తాయి, చేతికి గ్లౌజులు వేసుకో.

వైరు చుట్టూ పట్టించి డీసీ కరెంట్ కొలిచే క్లాంప్ మీటర్ దొరికితే చివరి తీర్పు అదే ఇస్తుంది. అద్దం లేకుండా మోటార్, రెగ్యులేటర్ మాత్రం తిరిగినప్పుడు సుమారు 3 నుంచి 5 ఆంపియర్లు, అద్దంతో 5 నుంచి 10. చివర ఆగినప్పుడు 20 దాటవచ్చు, అది సహజం. అద్దంతో పాటు మధ్యలోనే 15 చూపిస్తుంటే కొత్త మోటార్ వేసినా బతకదు.

రిలేలు పెట్టమని ఎవరైనా చెబితే, అది మంచి సలహానే, కానీ ముందు ఛానెల్, వైర్లు బాగుచేశాకే. ఒక్కో మోటార్‌కు ఐదు కాళ్ల రిలేలు రెండు. ఒక్కో రిలేలో 30 నంబర్ కాలు మోటార్ వైరుకు, 87 ఫ్యూజ్ ఉన్న ప్లస్‌కు, 87ఎ ఎర్త్‌కు. పాత స్విచ్ వైర్లు రిలేను పనిచేయించే కాయిల్‌కు వెళ్తాయి. అప్పుడు స్విచ్ మోసేది సుమారు 0.2 ఆంపియర్లే. ఒక్క నొక్కుతో పైకి వెళ్లి, చేయి అడ్డొస్తే వెనక్కి దిగే రకం విండోకు మాత్రం ఇది చెయ్యొద్దు. అక్కడ మోటార్‌ను నడిపే మాడ్యూల్ లెక్క తప్పుతుంది.

తిరిగి బిగించేటప్పుడు అద్దం బోల్టులను చేత్తో మాత్రం తిప్పి, అద్దాన్ని పూర్తిగా పైకి పంపి, అది ఛానెల్‌లో సర్దుకున్నాక బిగించు. కింద ఉన్నప్పుడు బిగిస్తే వంకరగా ఎక్కి ఒక వైపు గీసుకుంటుంది. ఆటోమేటిక్ విండో అయితే బ్యాటరీ తీసినందుకు దాని స్థానం మరచిపోయి ఉంటుంది. పూర్తిగా దించి కొన్ని సెకన్లు, పూర్తిగా ఎక్కించి కొన్ని సెకన్లు స్విచ్ పట్టుకుంటే చాలా కార్లలో సర్దుకుంటుంది, నీ కారు మాన్యువల్‌లో వరుస చూసుకో.

ఈ ఆదివారం ఛానెల్ శుభ్రం చేసి, ముందు ఎన్ని సెకన్లు పట్టింది, తర్వాత ఎన్ని పట్టింది, నడుస్తుండగా మోటార్ దగ్గర ఎన్ని వోల్టులు వచ్చాయి, ఈ మూడూ రాసి పంపు. మోటార్ కొనాలో లేదో అప్పుడు చెబుతాను.

మీ మామయ్య