ముందు చుక్కలు పెట్టండి, అమ్మా

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. ఆయన పోయాక ప్రొద్దుటూరు నుంచి బెంగళూరులో అబ్బాయి దగ్గరికి వచ్చాను. తొమ్మిదో అంతస్తు. పొద్దున అందరూ వెళ్లిపోతే మాట్లాడే మనిషి ఉండరు. మనవరాలు మూడో తరగతి. కోడలు మంచిదే, కానీ మా మధ్య ముక్తసరి మాటలే. సాయంత్రమైతే గుండె దడ. పరీక్షలన్నీ చేసి, టెన్షనే అన్నారు డాక్టరు. ఊళ్లో రోజూ ముగ్గు పెట్టేదాన్ని. ఇక్కడ కారిడార్‌లో ముగ్గు వేయొద్దన్నారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముగ్గు సంగతి మీరు ఆఖర్న రాశారు. నాకు మాత్రం అదే అసలు విషయం అనిపించింది. 15 చుక్కలు 8 వరకు పెట్టి మెలిక తిప్పుతున్నంతసేపూ మనసు ఇంకెక్కడికీ పోదు. పోతే గీత తప్పుతుంది. ఆ కాసేపట్లోనే ఎదురింటావిడ పలకరించేది, దారిన పోయే పిల్ల ఆగి చూసేది. ఊరు వదిలాక మీకు ఆ నెమ్మది, ఆ పలకరింపు రెండూ ఒక్కసారే దూరమయ్యాయి.

2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 39 మందితో 45 నిమిషాలు బొమ్మలు వేయించారు, మట్టితో చేయించారు. దాదాపు ముప్పావు వంతు మందిలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గింది. బొమ్మలు వేయడం అలవాటు లేనివాళ్లలోనూ తగ్గింది. చిన్న పరిశోధనే, కానీ మీ చేతికి ఎప్పుడో తెలిసిన సంగతే అది.

ఒక డ్రాయింగ్ పుస్తకం, రంగు పెన్సిళ్లు తెప్పించుకోండి. మీ గదిలో కాదు, భోజనాల బల్ల దగ్గర కూర్చుని అందులో ముగ్గు వేయండి. పుస్తకం అక్కడే వదిలేయండి. దడ మొదలయ్యే వేళకు కాస్త ముందే కూర్చోండి.

కోడలితో మనసు విప్పి మాట్లాడండి అని నేను చెప్పను. ఎదురెదురుగా కూర్చుంటే మాట రానివాళ్లకు, పక్కపక్కన కూర్చుని చేతులు పనిలో ఉంటే వస్తుంది. ముగ్గు మీరు గీయండి, రంగులు ఆమెకు వదిలేయండి. మీరు ఎరుపు అనుకున్నచోట ఆమె నీలం వేసినా దిద్దకండి. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను.

జనవరిలో ఒక ఆదివారం కుమారకృపా రోడ్డులో చిత్రకళా పరిషత్తు చిత్రసంతె, అంటే బొమ్మల సంత, పెడుతుంది. అందరూ కలిసి వెళ్లండి.

దడ తగ్గకపోయినా, వారాల తరబడి నిద్ర పట్టకపోయినా ముగ్గుతో సరిపెట్టుకోవద్దు. మళ్లీ డాక్టరుకు చూపించుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కి కూడా ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ ఆదివారం మనవరాలిని చుక్కలు పెట్టమనండి. వంకర పోయినా సరే, గీత మీరు కలపండి.