రెండు సెంటర్లలో రెండు రకాల ఆడియోగ్రామ్‌లు వస్తే ఏ కంపెనీ మిషన్‌ని నమ్మాలి?

మీరు అడిగింది ఇదీ: నాన్నగారు ఏళ్ల తరబడి రైస్ మిల్లులో పనిచేస్తున్నారు. చెవుల్లో హోరు, అప్పుడప్పుడు కళ్లు తిరగడం. అమలాపురంలో ఒకచోట, రాజమండ్రిలో ఇంకోచోట చెవి పరీక్ష చేయిస్తే రెండు రిపోర్టులకీ (ఆడియోగ్రామ్‌లకి) 10, 15 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) తేడా వచ్చింది. ఒకటి బొంబాయిలో తయారైన మిషన్, రెండోది డెన్మార్క్‌ది. వీటిలో ఏ కంపెనీ పాతది, దేన్ని నమ్మాలి అని.

గోదావరి జిల్లాల్లో ఈ మిషన్లకి సర్వీసింగ్, క్యాలిబ్రేషన్ (మిషన్ చూపే అంకెకి తగ్గ శబ్దమే వస్తోందో లేదో కొలిచి సరిచేయడం) చేయడం నా వృత్తి. డాక్టర్ని కాను కాబట్టి జబ్బు జోలికి పెద్దగా వెళ్లను, మిషన్ల సంగతి మాత్రం చెప్పగలను. ముందు సూటిగా జవాబు: కంపెనీ పేరు తర్వాత చూడొచ్చు, మిషన్ మీద అతికించిన క్యాలిబ్రేషన్ స్టిక్కర్‌లో తేదీ ఏముందో అది చూడండి. ఆ మాట ఎందుకంటున్నానో తెలియాలంటే ఈ కంపెనీలు ఎలా పుట్టాయో కొంచెం చెప్పాలి.

మిషన్లకి ముందు శృతిదండమే (ట్యూనింగ్ ఫోర్క్, కొడితే ఒకే స్వరం పలికే దండం) ఆధారం. 1711లో ఇంగ్లండ్‌లో జాన్ షోర్ అనే బాకా విద్వాంసుడు దాన్ని చేశాడు. 1834లో వెబర్, 1855లో రిన్నే అనే జర్మన్లు దాంతో చెవిని పరీక్షించే పద్ధతులు చెప్పారు. ఇప్పటికీ మన ఈఎన్‌టీ డాక్టర్ల బల్ల మీద 512 అని చెక్కిన దండం ఉంటుంది. సెకనుకి అన్ని కంపనాలని అర్థం, దాన్నే ఫ్రీక్వెన్సీ అంటారు, హెర్ట్జ్‌లో చెప్తారు. చిక్కల్లా దాన్ని ఎంత గట్టిగా కొట్టామన్నదే. ఒకరు కొట్టినట్టు ఇంకొకరు కొట్టరు, కాబట్టి వినికిడి ఎంత తగ్గిందో అంకెల్లో రాయడానికి కుదరదు. 1879లో లండన్‌లో డేవిడ్ హ్యూజ్ కరెంటు చుట్టలతో శబ్దాన్ని కొలతగా తగ్గించి పెంచే పరికరం చేశాడు. దాన్ని చూసి రిచర్డ్‌సన్ అనే డాక్టరు వినికిడిని కొలిచే మిషన్‌కి ఆడియోమీటర్ అన్న పేరు వాడుకలోకి తెచ్చాడు.

అసలు వ్యాపారం మొదలైంది 1922లో. అమెరికాలో టెలిఫోన్లు తయారుచేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ వాల్వులతో నడిచే 1-ఏ ఆడియోమీటర్‌ని తెచ్చింది. ఫౌలర్ అనే న్యూయార్క్ చెవి డాక్టరు, వెగెల్ అనే భౌతిక శాస్త్రవేత్త దాని వెనక ఉన్నారు. అప్పట్లోనే ధర 1500 డాలర్లు, మామూలు డాక్టరుకి అందేది కాదు. టెలిఫోన్ కంపెనీకి చెవితో ఏం పని అనిపించొచ్చు. తీగలో మాట ఎంత పలచబడితే మనిషికి వినపడకుండా పోతుందో కొలవడం వాళ్లకి రోజువారీ అవసరం. డెసిబెల్ అన్న కొలత పుట్టింది కూడా ఆ టెలిఫోన్ వాళ్ల దగ్గరే. తొలి రోజుల మిషన్లలో 128, 256, 512, 1024 అని శృతిదండాల అంకెలే ఉండేవి. 125, 250, 500, 1000 అన్న గుండ్రటి అంకెలు తర్వాత వచ్చాయి.

ఇక్కడ సున్నా గురించి ఆగి చెప్పాలి. మీ ప్రశ్నకి కీలకం అక్కడే ఉంది. ఆడియోగ్రామ్‌లో 0 డెసిబెల్ అంటే శబ్దం లేదని కాదు. చెవి జబ్బులు లేని యువకులు సగటున వినగలిగే అతి సన్నని శబ్దం అది. అంటే ఆ సున్నాని మనుషుల్ని కొలిచి నిర్ణయించాలి. అమెరికా వాళ్లు 1935–36 ఆరోగ్య సర్వేలో తీసుకున్న కొలతల మీద ఆధారపడి 1951లో ప్రమాణం పెట్టుకున్నారు. బ్రిటన్‌లో మరింత నిశ్శబ్దమైన గదుల్లో, బాగా ఏరిన కుర్రవాళ్లని కొలిస్తే దాదాపు 10 డెసిబెల్స్ ఇంకా సన్నని శబ్దం కూడా వినిపించింది. 1964లో అంతర్జాతీయ ప్రమాణం ఆ రెండోదానికి దగ్గరగా వచ్చింది, అమెరికా 1969లో తన ప్రమాణాన్ని మార్చుకుంది. నడుమ కొన్నేళ్లు, ఒకే మనిషి ఒకే చెవి పాత సున్నాతో చూస్తే 20, కొత్త సున్నాతో చూస్తే 30. అందుకే అప్పటి ఆడియోగ్రామ్‌ల మీద ఏ ప్రమాణమో పక్కన రాసేవారు. మిషన్ తయారీదారు అమ్మేది పెట్టె, మీటల కంటే ముందు ఆ సున్నాని. పెట్టె ఎంత ఖరీదైనదైనా సున్నా జారిపోతే రిపోర్టు చెల్లదు.

అది ఎలా జారుతుందో నేను రోజూ చూస్తుంటాను. క్యాలిబ్రేషన్‌కి వెళ్లినప్పుడు హెడ్‌ఫోన్‌ని కప్లర్ అనే ఇత్తడి రంగు గిన్నెలాంటి దాని మీద బోర్లిస్తాం. లోపల ఖాళీ 6 ఘన సెంటీమీటర్లు, అడుగున మైక్రోఫోన్. హెడ్‌ఫోన్ మీద 500 గ్రాముల బరువు పెడతాం, తలకి బిగిసినంత ఒత్తిడి రావాలని. మిషన్‌లో 1000 హెర్ట్జ్ దగ్గర 70 పెడితే, టీడీహెచ్-39 హెడ్‌ఫోన్‌కి మీటర్‌లో 77 రావాలి. 250 దగ్గర అయితే ఆ అదనం 7 కాదు, 25.5. ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కో అంకె, కుడికి వేరుగా, ఎడమకి వేరుగా చూస్తాం. మన కోనసీమలో తేమ, ఓడలరేవు, అంతర్వేది వైపు ఉప్పు గాలి. హెడ్‌ఫోన్ జాక్ పిన్నుకి చిలుము పడుతుంది. చెవి చుట్టూ ఉండే రబ్బరు కుషన్ గట్టిపడి చెంపకి ఆనదు, సందులోంచి సన్నని శబ్దం బయటికి పోతుంది. వైరు మడత పడేచోట లోపల తెగి, కదిపినప్పుడల్లా గరగరమంటుంది. వైరు పాడైందని పక్క మిషన్ హెడ్‌ఫోన్ తెచ్చి తగిలించడం అన్నింటికంటే ప్రమాదం. హెడ్‌ఫోన్ మిషన్‌లో భాగం. దాన్ని మారిస్తే ఆ మిషన్‌కి మళ్లీ క్యాలిబ్రేషన్ చేయాల్సిందే.

ఇంకో సంగతి మీకు ఆశ్చర్యంగా ఉండొచ్చు. ఆ టీడీహెచ్-39 హెడ్‌ఫోన్ అమెరికాలో టెలిఫోనిక్స్ కంపెనీది. చెవి వెనక ఎముక మీద పెట్టే బీ-71 వైబ్రేటర్ రేడియోఇయర్ కంపెనీది. దశాబ్దాలపాటు బొంబాయి మిషన్లకైనా డెన్మార్క్ మిషన్లకైనా చెవికి తగిలే భాగాలు చాలాచోట్ల ఇవే. 1965లో మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ మొదలయ్యాక మన దేశంలో ఆడియాలజిస్టులు (వినికిడి పరీక్షల నిపుణులు) తయారయ్యారు, బొంబాయి ఆర్ఫీ, ఎల్కాన్ కంపెనీల ఆడియోమీటర్లు ఊళ్లకి చేరాయి. వాటి మీద నాకు గౌరవం. జిల్లా స్థాయిలో ఒక చిన్న క్లినిక్ చెవి పరీక్ష పెట్టగలిగిందంటే అవి అందుబాటు ధరలో దొరకబట్టే. స్వదేశీ మిషన్ అని రిపోర్టుని తీసిపారేయకండి.

డెన్మార్క్ పేరే అంతగా ఎందుకు వినిపిస్తుందంటే, 1904లో హాన్స్ డెమాంట్ అనే ఆయన ఓడెన్స్ ఊళ్లో ఓటికాన్ అనే వినికిడి యంత్రాల కంపెనీ స్థాపించాడు. భార్య కమిల్లాకి వినికిడి లోపం, ఆవిడ కోసం తెప్పించిన యంత్రంతో మొదలైన వ్యాపారం. 1942లో బ్రూయల్, కేయర్ అనే ఇద్దరు ఇంజినీర్లు శబ్దాన్ని కొలిచే పరికరాల కంపెనీ పెట్టారు. క్యాలిబ్రేషన్ పరికరాల్లో ఇప్పటికీ పెద్ద పేరు వాళ్లదే. 1950ల మొదట్లో అక్కడి ప్రభుత్వం వినికిడి యంత్రాలు ఉచితంగా ఇస్తూ హియరింగ్ సెంటర్లు తెరిచింది. అడిగే డాక్టర్లు, కొనే ప్రభుత్వం, చేసే ఇంజినీర్లు ఒకేచోట దొరికారు. చెవిపొర వెనక నీరు చేరిందా అని గాలి ఒత్తిడితో చూసే ఇంపిడెన్స్ పరీక్షకి పునాది 1946లో ఒట్టో మెట్జ్ అక్కడే వేశాడు. 1960ల మొదట్లో మ్యాడ్సన్ కంపెనీ దాన్ని క్లినిక్‌లో పెట్టుకునే మిషన్‌గా చేసింది. ఇంటరాకౌస్టిక్స్ అనే ఇంకో డెన్మార్క్ కంపెనీ 1967లో వచ్చింది.

అమెరికా వైపు 1937లో మినియాపొలిస్‌లో మైకో, 1949లో మాసచూసెట్స్‌లో గ్రేసన్-స్టాడ్లర్. బ్రిటన్‌లో ఆంప్లివాక్స్. ఈ రోజు ఇంటరాకౌస్టిక్స్, మైకో, గ్రేసన్-స్టాడ్లర్, ఆంప్లివాక్స్ నాలుగూ ఓటికాన్‌కి చెందిన డెమాంట్ గ్రూపు గొడుగు కిందే ఉన్నాయి. మ్యాడ్సన్ వారసత్వం జీఎన్ ఓటోమెట్రిక్స్ అనే కంపెనీకి, అక్కడి నుంచి 2017లో అమెరికాలోని నేటస్ కంపెనీకి వెళ్లింది. కాబట్టి రెండు సెంటర్లలో రెండు విదేశీ పేర్లు చూసి అవి పోటీ కంపెనీలని అనుకోనక్కర్లేదు, చాలాసార్లు యజమాని ఒక్కరే.

కళ్లు తిరగడానికి చేసే పరీక్షల చరిత్ర వేరు, అది వియన్నాలో మొదలవుతుంది. రాబర్ట్ బరానీ అనే డాక్టరు చెవులు నీళ్లతో కడుగుతుంటే కొందరు తల తిరుగుతోందనేవారు, కళ్లు అదురుతుండేవి. నీళ్లు చల్లగా ఉన్నాయని ఒక పేషెంటు అంటే వేడి చేసి పోశాడు. కళ్లు ఈసారి ఎదురు దిక్కుకి అదిరాయి. లోపలి చెవిలోని ద్రవం చల్లబడో వేడెక్కో కదులుతోందని ఆయన పట్టుకున్నాడు. దానికి 1914 నోబెల్ బహుమతి వచ్చింది, ఆ కబురు అందేసరికి ఆయన రష్యాలో యుద్ధఖైదీగా ఉన్నాడు. 1942లో ఫిట్జ్‌జెరాల్డ్, హాల్‌పైక్ ఆ నీళ్ల వేడిని 30, 44 డిగ్రీలకి స్థిరపరిచారు. శరీర వేడి 37కి కింద 7, పైన 7. ఇప్పటికీ మిషన్లలో ఆ అంకెలే ఉంటాయి. నేను తెర మీది అంకె చూసి ఊరుకోను, గొట్టం చివర కారే నీళ్లలో థర్మామీటర్ పెట్టి చూస్తాను. గొట్టం పొడవునా వేడి మారిపోతుంది. ఏసీ లేని గదిలో మే నెల వేడికి 30 డిగ్రీల నీళ్లు నిలబెట్టడం కష్టం.

కళ్ల అదురుని పట్టడానికి ఒకప్పుడు కంటి పక్కన ఎలక్ట్రోడ్లు అంటించి కాగితం మీద గీతలు తీసేవారు. మన ఉక్కపోతకి చెమట పట్టి అవి ఊడిపోయేవి. ఇప్పుడు కెమెరా ఉన్న కళ్లజోడు పెట్టి చీకట్లో రికార్డు చేస్తున్నారు, దాన్నే వీఎన్‌జీ అంటారు. 1988లో సిడ్నీలో హాల్మాగీ, కర్తోయిస్ చెప్పిన తల విదిలింపు పరీక్షకి కూడా ఇలాంటి కళ్లజోడే వాడుతున్నారు. దాని బెల్టు వదులైతే కళ్లజోడు జారి తప్పుడు ఫలితం వస్తుంది. నాన్నగారికి పెట్టినప్పుడు బిగుతుగా ఉందో లేదో అడగండి. పక్క మీద దొర్లినప్పుడే తల తిరుగుతుంటే ఆ మాట డాక్టరుగారికి ముందే చెప్పండి. మంచం మీద తలని ఒక పద్ధతిలో వాల్చి చూసే డిక్స్-హాల్‌పైక్ పరీక్షకి ఏ మిషనూ అక్కర్లేదు. తల తిరుగుడు మాత్రలు ఏవైనా వాడుతుంటే వీఎన్‌జీకి ముందు ఆపాలో వద్దో ఆయన్నే అడగండి, కొన్ని మాత్రలు ఫలితాన్ని మార్చేస్తాయి.

ఇక మీ రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూడండి. 5 డెసిబెల్స్ తేడా మామూలే, పట్టించుకోవద్దు. 250, 500 దగ్గర మాత్రమే తేడా ఉంటే గదిలో శబ్దాన్ని అనుమానించండి: బస్సు కాంప్లెక్స్ పక్కన ఉన్న సెంటరు, కింద జనరేటరు, పైన ఫ్యాను. అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ ఒకేలా తేడా ఉంటే క్యాలిబ్రేషన్ మీద అనుమానం పడాలి. ఒక్క చెవికే తేడా ఉంటే ఆ వైపు హెడ్‌ఫోనో వైరో చూడాలి. 4000 పైన మాత్రమే తేడా ఉంటే హెడ్‌ఫోన్ చెవి రంధ్రానికి సరిగ్గా ఎదురుగా పెట్టారో లేదో అడగండి. వయసు మళ్లినవాళ్లకి హెడ్‌ఫోన్ ఒత్తిడికి చెవి దారి ముడుచుకుపోవడం కూడా ఉంటుంది.

అన్నింటికంటే ముఖ్యం, రెండుసార్లలో దేనికైనా నాన్నగారు మిల్లులో డ్యూటీ చేసి నేరుగా వెళ్లారా? మిల్లు హోరులో గంటల తరబడి ఉంటే వినికిడి తాత్కాలికంగా మందగిస్తుంది. అప్పుడు తేడా మిషన్లది కాదు, ఆయన చెవిదే. రాత్రంతా విశ్రాంతి ఇచ్చి, మిల్లుకి వెళ్లకముందు ఉదయాన్నే మళ్లీ పరీక్ష చేయించండి. సౌండ్‌ప్రూఫ్ గది ఉన్నచోటే చేయించండి, గత ఏడాదిలోపు చేసిన క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ చూపించమనండి. మంచి సెంటరు వాళ్లు అడిగితే నొచ్చుకోరు, తీసి చూపిస్తారు. ఎప్పుడైనా ఒక చెవి ఒక్కసారిగా వినపడడం మానేస్తే మాత్రం ఈ పోలికలన్నీ పక్కనపెట్టి ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

పేరు, ఫోను నంబరు చెరిపేసి రెండు ఆడియోగ్రామ్‌లూ ఇక్కడ పెట్టండి, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర తేడా ఉందో చూసి మిషన్ తరఫున చెప్పగలిగింది చెప్తాను.