ఇంటిపేరు మారిపోతే రికార్డు పట్టుకునేదెలా?

ప్రశ్న: మా కోడలిది దక్షిణాఫ్రికా, పుట్టింటి పేరు క్రోనే. పూర్వీకులు ఫ్రాన్స్ నుంచి వచ్చిన హ్యూగెనాట్లని (ఫ్రెంచి ప్రొటెస్టంట్లని) వాళ్లింట్లో చెబుతారు. వంశవృక్షం సైట్లలో ఎంత వెతికినా ఫ్రాన్స్ రికార్డులు రావడం లేదు. ఉచ్చారణ దగ్గరగా ఉన్న పేర్లను కలిపి వెతికే ‘సౌండెక్స్’ టిక్ పెట్టినా అంతే. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఫ్రాన్స్‌లో ఆ పేరు స్పెల్లింగ్ వేరండీ. చివర ఐ, ఈ, ఆర్ అక్షరాలతో ‘క్రోనియే’ అని ఉండేది. 14వ లూయీ 1685లో ప్రొటెస్టంట్లకు మతస్వేచ్ఛ ఇచ్చిన నాంట్ శాసనాన్ని రద్దు చేశాక వాళ్లలో ఎందరో దేశం వదిలారు. వారిలో కొందరు 1688 నుంచి డచ్ ఈస్టిండియా కంపెనీ ఓడల్లో దక్షిణాఫ్రికాలోని కేప్ చేరారు. అక్కడి రిజిస్టర్లలో ఫ్రెంచి పేర్లు డచ్ ఉచ్చారణకు తగ్గట్టు మారుతూ వచ్చాయి.

సౌండెక్స్ ఇక్కడే దెబ్బతింటుంది. అది మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి, అచ్చులు వదిలేసి, మిగతా హల్లులకు అంకెలిస్తుంది. క్రోనియేలో ఆర్, ఎన్, ఆర్ కలిసి సీ656 అవుతుంది. క్రోనేలో చివరి ఆర్ బదులు జే ఉంది కాబట్టి సీ652. కోడ్ కలవకపోతే ఫలితం రాదు. ‘ల క్లెర్క్’ కాస్తా ‘డి క్లర్క్’ అయినచోట మొదటి అక్షరమే మారింది: ఎల్246, డీ246. రెటీఫ్ వంశం వాళ్లది అదృష్టం, ఫ్రెంచి, కేప్ స్పెల్లింగులు రెండింటికీ ఆర్310 వస్తుంది.

అందుకని ఉచితంగా దొరికే ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షం సైట్‌లో ‘ఎగ్జాక్ట్’ టిక్ తీసేసి, ఇంటిపేరు గడిలో సీ, ఆర్, ఓ, ఎన్ అక్షరాలు కొట్టి పక్కనే * (ఆపైన ఏ అక్షరాలున్నా సరే అని అర్థం) పెట్టండి. మొదటి అక్షరమే మారిందని అనుమానమొస్తే ఆ గడి ఖాళీగా వదిలి, బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఇరవై ఏళ్ల వ్యవధి ఇవ్వండి. తల్లి పుట్టింటి పేరు చాలా పనికొస్తుంది. కేప్ డచ్ చర్చి రిజిస్టర్లలో పెళ్లయిన స్త్రీలను పుట్టింటి పేరుతోనే రాసేవారు. బాప్తిస్మం సాక్షుల పేర్లు కూడా రాసుకోండి, చాలాసార్లు వాళ్లు దగ్గరి బంధువులో, ఒకే ప్రాంతం వాళ్లో అయివుంటారు. డ్రాకెన్‌స్టీన్ వంటి చర్చిల రిజిస్టర్ల నకళ్లు దక్షిణాఫ్రికా వంశావళి సంఘానికి చెందిన ఈజీజీఎస్ఏ సైట్‌లో ఉన్నాయి.

కోడలి తాతముత్తాతల నుంచి ఒక్కో తరమే వెనక్కి వెళ్లాలి. ఫ్రాన్స్‌లో పేరు కలిసిన కుటుంబాన్ని చూసి, సైట్ ఇచ్చే ‘హింట్’ (ఇది మీవాళ్లే కావచ్చన్న సూచన) నొక్కి చెట్టుకు అతికించేస్తే ఆపైన ఉన్న తరాలన్నీ పరాయివాళ్లవవుతాయి. దయచేసి ఆ పని చేయకండి. ఫ్రెంచి జిల్లా ఆర్కైవ్స్ సైట్లలో 1685కు ముందటి ప్రొటెస్టంట్ రిజిస్టర్లు కొన్ని ఫొటోలుగా ఉంటాయి. వాటిని పేరుతో వెతకడం చాలాచోట్ల కుదరదు, ఊరు తెలిశాక పేజీలు తిప్పాల్సిందే.

దొరికినవి గ్రాంప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దాచుకోండి. పాత స్పెల్లింగును దిద్దకుండా, ‘నేమ్స్’ ట్యాబ్‌లో ప్రతి రూపాన్నీ ప్రత్యామ్నాయ పేరుగా, ఆధారంతో సహా చేర్చండి. ‘గ్రూప్ యాజ్’ గడిలో క్రోనే అని ఇస్తే అన్నీ ఒకేచోట కనిపిస్తాయి.

ఎవరైనా లండన్ వెళ్లినట్టు తేలితే థ్రెడ్‌నీడిల్ వీధి ఫ్రెంచి చర్చి రికార్డులు చూడండి. కొత్తగా వచ్చినవాళ్లు తెచ్చిన ధ్రువపత్రాల్లో వెనకటి చర్చి ఊరు ఉంటుంది. ఇంగ్లండ్‌లో 1752కు ముందు ఏడాది మార్చి 25న మొదలయ్యేది కాబట్టి అక్కడి ‘1690 ఫిబ్రవరి’ మన లెక్కలో 1691. గ్రాంప్స్ తేదీ గడిలో దాన్ని 1690/1 అని రాయండి.