సెల్ఫ్ కొట్టగానే డ్యాష్ రీసెట్ కావడం, ఆర్‌పీఎం సున్నాకు పడిపోవడం: సమాధానం

సెల్ఫ్ కొట్టగానే మీ కారు డ్యాష్ (రీడింగులను చూపిస్తూ రికార్డు కూడా చేసే లాగర్) ఆరిపోయి వెలుగుతోందని, ఇంజన్ నడుస్తుండగా ఆర్‌పీఎం అంకె ఉండుండి సున్నా అవుతోందని రాశారు. ఇవి రెండు వేర్వేరు లోపాలని నా అభిప్రాయం. స్టార్టర్ మోటారు లాగే కరెంటుకు వోల్టేజి క్షణకాలం పడిపోయి లాగర్ రీసెట్ అవుతూ ఉండవచ్చు కనుక, దాని పవర్ వైరును ఫ్యూజు ద్వారా, ఎర్త్ వైరును నేరుగా బ్యాటరీకే కలిపి చూడండి.

రెండోది కాస్త ఓపిక అడుగుతుంది. ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటరు) నుంచి డ్యాష్‌కు ఆర్‌పీఎం లాంటి అంకెలు వచ్చేది క్యాన్ హై, క్యాన్ లో అనే జత వైర్ల మీదుగానే. బ్యాటరీ విప్పేసి, ఆ రెండు వైర్ల మధ్య మల్టీమీటరు పెడితే సుమారు 60 ఓమ్‌లు చూపించాలి. 120 చూపిస్తే ఆ వైర్ల రెండు కొసల్లోనూ ఉండవలసిన 120 ఓమ్‌ల రెసిస్టర్లలో ఒకటి లేనట్టే. విజయవాడ ఆటోనగర్‌లో మేము వైరింగ్ చేయించిన కారులో సరిగ్గా ఇదే జరిగింది: ఈసీయూలోనే ఉందని నమ్మిన రెసిస్టరు అసలు లేదు. ఆ రెండు వైర్లను జడలా పెనవేసి, ఇగ్నిషన్ కాయిల్‌కు దూరంగా లాగించండి. బాడ్ రేటు (ఆ వైర్ల మీద డేటా నడిచే వేగం) జోలికి పోనక్కరలేదు; అదే తప్పయితే మీకు ఒక్క అంకె కూడా కనిపించేది కాదు.

లాగింగ్ విషయానికొస్తే, కూలెంట్ ఉష్ణోగ్రతకు సెకనుకు 1 రీడింగు చాలు, సస్పెన్షన్ కదలికకు మాత్రం 200 పెట్టుకోండి.